డకోటా కాగితం

ఆ ఎండాకాలం నేను అరవైసార్లు నాగపూర్ పోయాను. పోయిన ప్రతిసారీ నాలుగున్నరకల్లా వంటింట్లో ఉండి చాయ్‌కి నీళ్ళు పెట్టాను.

ఇది రెండేళ్ళ కిందటి మాట, తొంభై ఏడో సంవత్సరం. కరీంనగర్ మంకమ్మతోటలో కెప్టెన్ జైపాల్‌రావు గారింట్లో అప్పటికి మూడేళ్ళుగా వంట చేస్తున్నాను. మా ఆయన రామచంద్రం సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసేవాడు. ఆయన చనిపోయిన ఏడాదికి నేను ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి రోజు అలవాటు కొద్దీ "దొరా" అని పిలిచాను. "విమానంల దొరలుండరు. సార్ అను, చాలు," అన్నారు. ఆయన భార్య సరళాదేవి అమ్మ జిల్లా గ్రంథాలయంలో లైబ్రేరియన్. పొద్దున పోతే సాయంత్రం ఆరింటికి వస్తుంది. అప్పటికి ఆమెకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. వాళ్ళకు పిల్లలు లేరు.

సార్ ముప్పై మూడేళ్ళు విమానాలు నడిపి రిటైరయ్యారు. తర్వాత కూడా మానలేదు. బొంబాయిలో ఉండే మేనల్లుడు ఒక కంప్యూటరు పంపాడు, అందులో విమానం నడిపే ఆట ఉంది. దాన్ని ఆట అంటే సార్‌కు కోపం. మధ్యాహ్నం రెండున్నర కొట్టేసరికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, బూట్లు వేసుకుని తన గదిలో ఆ పెట్టె ముందు కూర్చునేవారు. అందులో కొత్త జెట్లు చాలా ఉన్నాయి. సార్ వాటి వంక చూసేవారు కాదు. ముందు పంఖాలు తిరిగే పాత విమానాలే ఆయనకు కావాలి, అందులోనూ డకోటా. నేల మీద ఉన్నప్పుడు తోక కిందికి, ముక్కు మీదికి పెట్టి, కుక్క కూర్చున్నట్టు కూర్చుంటుంది. జెట్లు ఎందుకు నడపరని ఒకసారి అడిగితే, "జెట్టు నన్ను మోసింది. డకోటాను నేను మోసిన. మోసినదాని మీద ప్రేముంటది," అన్నారు.

ఆ పెట్టెలో బేగంపేట రన్‌వే ఉంది. మన కరీంనగర్ లేదు. గోదావరి కూడా లేదు. కింద అంతా ఒకటే పచ్చచాప పరిచినట్టుండేది. సార్ గడియారం చూసి, లేచిన ముప్పై ఎనిమిదో నిమిషానికి "గిదిగో గోదారి" అనేవారు. నేను చూసేదాన్ని. ఆయన అన్నాక ఉన్నట్టే అనిపించేది.

శివరాత్రి మరునాడు సార్‌కు పక్షవాతం వచ్చింది. పదిహేను రోజులు దవాఖానాలో ఉన్నారు. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది. ఎడమ చెయ్యి కొంచెం బరువుగా మిగిలింది. రానిదల్లా వరుస. బూట్లు వేసుకున్నాక మేజోళ్ళు చేతిలో పట్టుకుని వాటిని చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు గ్యాస్ తిప్పి, అగ్గిపెట్టె కోసం పక్క గదికి పోయి, అక్కడ పేపరు చదవడం మొదలుపెట్టారు. వాసన వచ్చి నేను ఉరికాను. డాక్టరేమో తెలివి ఎక్కడికీ పోలేదని, ఏది ముందు ఏది వెనక అన్నదే చెదిరిందని, అలవాటైన పని రోజూ చేయిస్తే కొంత సర్దుకుంటుందని చెప్పాడు.

అమ్మ తమ్ముడు వెంకటేశ్వర్‌రావు గారు హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. మంచి మనిషి, అక్కంటే ప్రాణం. హాల్లో కూర్చుని అక్కతో మాట్లాడుతుంటే నేను చాయ్ పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగాను.

"బావను ఇడిసిపెట్టి నువ్వు ఆఫీసుకు ఎట్ల పోతవక్కా?"

"బాలలక్ష్మి ఉన్నది గద," అని అమ్మ నా పేరు చెప్పింది.

"ఆమెకు అక్షరం వస్తదా? ఏ గోలీ ఎప్పుడియ్యాల్నో ఎట్ల తెలుస్తది?"

"వస్తది. సాక్షరత సర్టిఫికెట్ ఉన్నది ఆమెకు."

పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి. నేను లోపలికి పోయి చాయ్ పెట్టి, ఎవరి మొఖం చూడకుండా తిరిగి వచ్చాను.

చివరికి అక్కాతమ్ముళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. మృగశిర దాకా చూడాలి. అప్పటికి కూడా ఇల్లు ఇట్లాగే ఉంటే, అమ్మ ఉద్యోగం వదిలేయాలి, ఈ ఇల్లు కిరాయికిచ్చి ఇద్దరూ హైదరాబాద్‌లో తమ్ముడింటి పై అంతస్తుకు పోవాలి. ఆ మాట సార్ కూడా విన్నారు. తన గదిలోకి పోయి, కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి, మడతపెట్టి, మళ్ళీ కప్పారు.

నా సర్టిఫికెట్ సంగతి చెప్పాలి. సిరిసిల్లలో సాక్షరత క్లాసు పెట్టినప్పుడు నేను రోజూ పోయేదాన్ని. వాచకం మొదటి పాఠం నుంచి ఆఖరి పాఠం దాకా నాకు నోటికి వచ్చు. పేజీ మీద ఎడ్ల బొమ్మ ఉంటే ఎడ్ల పాఠం, బావి బొమ్మ ఉంటే బావి పాఠం. పరీక్షకు వచ్చిన ఆఫీసరు పుస్తకం తెరిచి ముందు పెడితే బొమ్మ చూసి గడగడా అప్పజెప్పాను. అందరికంటే నేనే బాగా చదివానని చప్పట్లు కొట్టించాడు. విడి అక్షరాలు కొన్ని తెలుసు, నా పేరు రాయగలను. రెండక్షరాలు కలిస్తే మాత్రం నాకు కళ్ళు తిరిగేవి. అమ్మ పుస్తకాల మధ్య పనిచేసే మనిషి. ఆమె నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు ఆ సర్టిఫికెట్ చూసి ఎంత సంతోషపడిందో! ఆ సంతోషం చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు.

గోలీలకు అమ్మ మూడు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చింది. 'పొద్దున', 'పగలు', 'రాత్రి' అని తెలుగులో రాసి డబ్బాల పక్కలకు అంటించింది. రాత్రి గోలీ పగలు పడితే బీపీ దిగిపోయి మనిషి నిలబడ్డచోటే కూలబడతాడని డాక్టరు చెప్పిన మాట నాకు మరీ మరీ చెప్పింది. నేను ఆ చీటీల వంక చూడలేదు. ఎర్ర మూత పొద్దున, పచ్చ మూత పగలు, నీలం మూత రాత్రి. అంతే నా చదువు.

మార్చి ఆఖర్లో సార్ మళ్ళీ విమానం ముందు కూర్చున్నారు. ఇంజను లేపారు, ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. చెయ్యి గాలిలో ఆగింది. ఆపేసి చాలాసేపు అట్లాగే కూర్చున్నారు. తర్వాత ఒక అట్టముక్క మీద పెద్ద పెద్ద తెలుగక్షరాలతో లేచేముందూ దిగేముందూ చూసుకోవాల్సినవి వరుసగా పన్నెండు పంక్తులు రాసి నన్ను పిలిచారు.

విమానంలో ఇద్దరుంటారట. ఒకరు కాగితం చూసి ఒక్కొక్కటే అడగాలి, ఇంకొకరు అది చేసి, కంటితో చూసి, జవాబు చెప్పాలి. జవాబు రాందే రెండోది అడగొద్దు. అడిగేవాళ్ళు చెయ్యి పెట్టొద్దు, చేసేవాళ్ళు కాగితం పట్టొద్దు. నాకు మగ్గం గుర్తుకొచ్చింది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఒకరు వెనక కూర్చుని పోగు అందిస్తారు, ఇంకొకరు ముందు నుంచి దాన్ని లాక్కుంటారు. అందుకోకముందే ఇంకో పోగు అందిస్తే అంతా చిక్కే. చిన్నప్పుడు మా బాపుకు నేనే అందించేదాన్ని. ఆ మాట సార్‌కు చెప్పాను.

"అట్లయితె నీకు నేర్పేదేం లేదు," అని, మొదటి రోజు అట్ట ఆయనే చదివి వినిపించారు. మరునాడు అట్ట నా చేతికిచ్చారు.

అప్పటికే అది నాకు నోటికి వచ్చేసింది.

"పెట్రోలు?" అనేదాన్ని, అట్ట వంక చూస్తూ. "రెండు టాంకులు చూసిన," అనేవారు సార్. "తోక చక్రం?" "తాళం పడ్డది." డకోటాలో ఉన్నవన్నీ ఆ పెట్టెలో లేవు. లేని పిడి దగ్గర కూడా సార్ చెయ్యి చాచి, గాలిలోనే పట్టుకుని తిప్పి, వంగి చూసి అప్పుడు జవాబు చెప్పేవారు. "ఇక్కడ లేదు గద సార్," అన్నాను ఒకసారి. "నా చెయ్యిల ఉన్నది," అన్నారు.

అట్ట మీద చాయ్ పడిందని ఏప్రిల్ మొదట్లో సార్ కొత్త అట్ట రాశారు. ఇంకో వారం గడిచింది. ఆ రోజు నాగపూర్‌లో దిగి, ఇంజన్లు ఆపి, రెండు పంఖాలూ తిరిగి తిరిగి నిలిచేదాకా చూసి, సార్ కుర్చీ నా వైపు తిప్పారు.

"బాలలక్ష్మీ, ఎనిమిదోది మల్లొకసారి చదువు."

"పంఖాలు, సార్."

"పంఖాలు తొమ్మిదోది. ఎనిమిదోదాని మీద ఏలు పెట్టు."

పైనుంచి లెక్కబెట్టి వేలు పెట్టాను. వేలి కింద ఏవో అక్షరాలు, ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి.

సార్ వంగి తనే చదివారు. "బాలలక్ష్మి చాయ్ తెచ్చిందా?" తర్వాత అట్ట బల్ల మీద పెట్టారు. "వారం సంది రాసున్నది. వారం సంది నువ్వు అడుగుతలేవు, విమానంల నాకు చాయ్ అస్తలేదు."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నేను ఏడ్చేదాన్నేమో. నేలను చూస్తూ ఒక్క మాట అడిగాను.

"అమ్మకు చెప్తరా సార్?"

"పోయిన నెల నేను బూట్ల మీద మేజోళ్ళు తొడగబోయినని అమ్మకు చెప్పినవా?"

"చెప్పలే."

"మరి?"

ఆయనే మళ్ళీ అన్నారు. "నోటికి రావుడు తప్పు కాదు. మాకు గూడ వస్తది, వేలసార్లు చదివినోళ్ళకు రాదా? అయినా సూసే చదవాలె. నోరు నిన్నటి మాట చెప్తది. కాయితం ఇయ్యాల్టిది చెప్తది. నోటిని నమ్మినోళ్ళు చక్రాలు దించకుండ దిగిన్రు, నాకు తెలుసు." తర్వాత ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకు వరుస పోయింది. నీకు అక్షరం రాలే. నువ్వు నాకు వరుస చెప్పు, నేను నీకు అక్షరం చెప్త. మృగశిరకు ఇంక యాభై ఎనిమిది రోజులున్నయి."

ఆ మధ్యాహ్నం నుంచి విమానం లేవడానికి ముందు అరగంట నాకు బడి. బొమ్మలున్న పుస్తకం వద్దన్నారు. రోజుకొక తెల్ల కాగితం మీద పది పంక్తులు రాసిచ్చేవారు. ఏ రోజు మాట ఆ రోజే కొత్తది, నోటికి పట్టే వీల్లేకుండా. నేను ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, గుణింతం కూడబలుక్కుని, ఒత్తు దగ్గర ఆగి, చెమటలు కక్కుతూ చదివేదాన్ని. ఒకరోజు మూడో పంక్తి చదివితే ఇట్లా ఉంది: 'ఇయ్యాల పప్పుల ఉప్పు ఎక్కువైంది.'

"ఎక్కువ కాలే," అన్నాను కాగితం దించి.

"రాసున్నది చదువుమన్న, జవాబు చెప్పుమన్ననా?"

"మీరే గద సార్, అడిగినదానికి జవాబు చెప్పాలన్నది."

సార్ నవ్వారు. శివరాత్రి తర్వాత ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. మర్నాడు రాశారు: 'ఉప్పు సరిపోయింది. కారం తక్కువ.' మూడోనాడు కాగితం చదవకముందే వంటింట్లోకి పోయి కారం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. తర్వాత చదివితే దాని మీద 'సక్కగున్నది' అని మాత్రమే ఉంది.

ఆ రోజుల్లో ఒకసారి, ముప్పై ఎనిమిదో నిమిషం దాటి కిందికి గోదావరి వచ్చిందనుకున్నాక, సార్ తన పాత సంగతులు చెప్పారు. యాభై తొమ్మిది, అరవై ఆ ప్రాంతంలో మద్రాసు నుంచి నాగపూర్‌కు టపా మోసే డకోటా నడిపారట. ఉత్తరాల సంచులు తప్ప మనుషులుండరు. సరిగ్గా మంచిర్యాల మీదుగా పోవాలి. వెన్నెల ఉంటే గోదావరి పడుగు పరిచినట్టు కనబడేదట.

మా పుట్టిల్లు మంచిర్యాల పక్కనే. నేను ఎనిమిదేళ్ళ పిల్లను. మా ఇంట్లో గడియారం లేదు. రాత్రి మా బాపు దీపం పెట్టుకుని మగ్గం మీద కూర్చునేవాడు. పైన ఆ విమానం మోత వినబడితే, "టపా పోయింది, ఇగ బంద్," అని దీపం ఊదేసి లేచేవాడు. మోత వినబడని రోజు ఎంతకూ లేవడు. మా అవ్వ బయటకు వచ్చి ఆకాశం చూస్తూ నిలబడేది, బాపు నడుము కోసం.

"అది మీరేనా సార్?"

"నేనే కావచ్చు, ఇంకొకలు కావచ్చు. వారంల రెండు రోజులు నేనే."

"రెండు రోజులు మా బాపును పండవెట్టిన్రు," అన్నాను. కొంగుతో అట్ట తుడిచాను. సార్ తెర వైపు తిరిగి, "వరుస చదువు, నాగపూర్ దగ్గర పడుతున్నది," అన్నారు. నాగపూర్‌కు ఇంకా ముప్పావుగంట ఉంది.

మే పదిహేడున, శనివారం, పగటి గోలీ ఇవ్వడానికి పచ్చ మూత డబ్బా తీశాను. నీళ్ళ గ్లాసు ఎడమ చేతిలో ఉంది. మూత తిప్పి గోలీ అరచేతిలో వేసుకున్నాను. ఇచ్చేముందు ఎందుకో డబ్బా వైపు చూశాను. చూసి చదవడం అలవాటైపోయింది కదా, గోడ మీద కేలెండర్, సబ్బు కాగితం, పేపరు చుట్టిన బెల్లం, ఏది కంటబడితే అది చదువుతున్న రోజులవి. రా. ర కింద... కాదు, త కింద ర. రాత్రి.

గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ వేలు పెట్టి చదివాను. రాత్రి.

సార్‌ను అడిగితే చెప్పారు. పొద్దున నేను కూరగాయలకు పోయినప్పుడు, ఎవరి సాయం లేకుండా తానే గోలీ తీసుకోగలనో లేదో చూసుకోవాలనుకున్నారు. మూడు డబ్బాలూ తెరిచారు. సరైన గోలీనే మింగారు. మూతలు పెట్టేటప్పుడు వరుస తప్పింది. చెప్తుంటే ఆయన మొఖం చిన్నపిల్లవాడి మొఖంలా అయింది. "తప్పు మీది కాదు సార్," అన్నాను. "నేను రెండు నెలలు మూతలు జూసి ఇచ్చిన."

నీలం మూత కింద ఉన్న 'పగలు' చదివి, ఆ గోలీ ఇచ్చాను. ఆ రోజు విమానం లేవలేదు.

సాయంత్రం అమ్మ రాగానే, చెప్పులు విప్పకముందే అన్నీ చెప్పేశాను. సర్టిఫికెట్, ఎడ్ల బొమ్మ, మూతలు, అట్ట, ఆ రోజు జరిగింది. నా సామాను ఒక సంచిలో సర్దుకునే ఉంచాను. సిరిసిల్లలో మా ఆడబిడ్డ ఐలవ్వ ఉంది, బీడీలు చుట్టైనా బతకొచ్చు. అమ్మ చేతిసంచి భుజం మీదే ఉంది. ఆమె అట్లాగే కుర్చీలో కూర్చుంది.

"లైబ్రరీల పిల్లలు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మొఖం జూసి చెప్త, చదివిన్రో లేదో," అంది. "నా ఇంట్ల నాకు తెల్వలే. మూడేండ్లు."

లోపలి నుంచి సార్ అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

అమ్మ లేచి మూడు డబ్బాలూ తెచ్చి నా ముందు పెట్టింది. మూతలు తీసి పక్కన వేసింది. "చదువు."

చదివాను. మూడూ చదివాను. నెమ్మదిగానే, కానీ ఎక్కడా ఆగలేదు.

అమ్మ చేతిసంచిలోంచి పెన్ను తీసి ఇచ్చింది. "మూతల మీద గూడ రాయి. నేను రాయ, నువ్వే రాయి."

నా పేరు కాకుండా నేను రాసిన మొదటి మాటలు అవే. 'రాత్రి' రాసేటప్పుడు ఒత్తు మూత అంచు దాటి కిందికి జారింది. ఆ మూత ఇప్పటికీ ఉంది. మర్నాడు ఆ పెన్నుతోనే ఇంకో అట్ట రాసి పొయ్యి పైన గోడకు అంటించాను. గ్యాస్? అగ్గి? పాలు? గోలీ? తలుపు గొళ్ళెం? సార్ వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నేను చదివేదాన్ని, ఆయన ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి జవాబు చెప్పేవారు. నేను లేనప్పుడు తానే గట్టిగా అడిగి, తానే జవాబు చెప్పుకునేవారు. పెరట్లోంచి వినబడేది. పది రోజుల్లో బూట్లు, మేజోళ్ళు వాటంతటవే వరుసకొచ్చాయి.

మృగశిర నాడు వెంకటేశ్వర్‌రావు గారు వచ్చారు. ఇచ్చిన మాట ప్రకారం అమ్మ రెండు సూట్‌కేసులు సర్ది వరండాలో పెట్టింది. రాజీనామా కాగితం రాసి చేతిసంచిలో పెట్టుకోవడం నేను చూశాను. తమ్ముడితో మాత్రం ఒకటే అంది. "ఇయ్యాల మధ్యాహ్నం వాళ్ళ ఎనక కూసొని జూడు. అటెన్క నువ్వే చెప్పు. నేనేం అన."

రెండున్నరకు లేచాం. వెంకటేశ్వర్‌రావు గారు కుర్చీలో కూర్చుని కాసేపు చూశారు, కాసేపు కునికారు. గోదావరి దాటాం, ఆదిలాబాద్ అడవులు దాటాం. నాగపూర్ ఇంకా పదిహేను నిమిషాలుందనగా కరెంటు పోయింది. అది పోయే వేళ కాదు. గది పంఖా ఆగింది, కంప్యూటరు కింద ఉన్న బ్యాటరీ పెట్టె కీచుకీచుమనడం మొదలుపెట్టింది. అది పది నిమిషాలు మోస్తుంది, అంతకంటే మోయదు.

వెంకటేశ్వర్‌రావు గారు లేచారు. "బావా, పరేషాన్ కాకు. బంద్ జేస్త."

"గాలిల ఉన్నదాన్ని బంద్ జేస్తరా ఎవలన్న?" అన్నారు సార్, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా. ముక్కు కిందికి వంచి వేగం పెంచారు.

ఆ కీచు శబ్దం చెవుల్లో గుచ్చుతోంది. నేను అట్ట తీసుకున్నాను. అట్ట ఆ పొద్దున సార్ కొత్తగా రాసింది. నోటికి వచ్చినా నోటిని వదిలి, వేలు పెట్టి చదివాను. పెట్రోలు. తోక చక్రం. ఒక్కొక్కటీ అడిగాను, ఒక్కొక్కటీ జవాబు వచ్చింది.

"చక్రాలు?"

జవాబు లేదు. సార్ చెయ్యి గాలిలో లేచి ఆగింది. మార్చిలో ఆగినట్టే. కింద రన్‌వే పెద్దదవుతోంది. మీట ఎక్కడుందో నాకు తెలుసు, అరవైసార్లు చూశాను. నా చెయ్యి లేచింది. దించుకున్నాను. అడిగేవాళ్ళు చెయ్యి పెట్టొద్దు.

"చక్రాలు?" అని మళ్ళీ అడిగాను, మొదటిసారి అడిగినట్టే.

గుమ్మంలో నిలబడ్డ అమ్మతో కలిపి ఆ గదిలో నలుగురం ఉన్నాం. ఎవరూ కదల్లేదు. సార్ చెయ్యి కిందికి వచ్చి, వెతుక్కుని, మీట నొక్కింది. వంగి చూశారు. "దిగినయి."

"పచ్చ లైటు?"

"వెలిగింది."

తర్వాతది ఎనిమిదోది. వేలు పెట్టాను. పంఖాలు కాదు. చదివాను, ఉన్నది ఉన్నట్టు.

"వెంకటేశ్వర్‌రావు సూట్‌కేసులు లోపల పెట్టిండా?"

సార్ జవాబు చెప్పారు, పెట్రోలుకు చెప్పినంత మామూలుగా. "ఇంక పెట్టలే. తర్వాతది."

"పంఖాలు?"

"ముందుకు."

నాగపూర్‌లో దిగాం. ఒకసారి ఎగిరి, ఇంకోసారి ఎగిరి, తోక నేలకు ఆనింది. పంఖాలు నిలిచేదాకా బ్యాటరీ మోయలేదు, అవి ఇంకా తిరుగుతుండగానే తెర నల్లబడింది. సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

వెంకటేశ్వర్‌రావు గారు నా చేతిలోంచి అట్ట తీసుకుని ఎనిమిదో పంక్తి చూశారు. నన్ను చూశారు. అట్ట తిరిగి ఇచ్చి బయటకు నడిచారు. వరండాలో ఏదో ఈడ్చిన చప్పుడైంది. ఒక సూట్‌కేసు తెచ్చి హాల్లో పెట్టారు, మళ్ళీ పోయి రెండోది తెచ్చారు. "అక్కా, ఆవకాయ ఏమన్న ఉన్నదా, తీస్కపోత," అన్నారు. అమ్మ వంటింట్లోకి వచ్చి జాడీ దించుతూ చాలాసేపు గోడ వైపే తిరిగి నిలబడింది. నేను చాయ్‌కి నీళ్ళు పెట్టాను. నాలుగున్నర కాలేదు ఇంకా.

పోయిన నెల అమ్మ రిటైరైంది. సర్వీసు మొత్తం చేసి, దండలతో ఇంటికి వచ్చింది. అందులో ఒక దండ సార్ తీసుకుపోయి కంప్యూటరుకు వేశారు. అమ్మ తిట్టింది. సార్‌కు వరుస పూర్తిగా రాలేదు, ఇక రాదు కూడా. మాకు అట్టలున్నాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అమ్మ రాయమంది. గ్రంథాలయంలో నాలాంటివాళ్ళ కోసం ఒక అర ఉంది, అందులో పెడతానంది. అయితే నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి మిగిలింది.

వెంకటేశ్వర్‌రావు గారు పోయిన మరునాడు మొదటి వాన పడింది. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి గోడ మీది అట్ట చదువుతున్నాను. సార్ గుమ్మంలో నిలబడి జవాబులు చెప్తున్నారు. గ్యాస్, అగ్గి, పాలు, గోలీ. గోలీకీ తలుపుకీ మధ్య ఒక కొత్త పంక్తి ఉంది. వంకర అక్షరాలు, బరువైన చెయ్యి అట్టను సరిగ్గా పట్టలేకపోయినట్టుంది. వేలు పెట్టి చదివాను.

"బాలలక్ష్మి చాయ్ తాగిందా?"

సార్ నా వైపే చూశారు. ఇది ఆయన జవాబు చెప్పాల్సింది కాదని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఇంక తాగలే సార్," అన్నాను.

"అట్లయితె తర్వాతది చదవకు," అన్నారు.

నేను కప్పులో చాయ్ పోసుకుని, వంటింటి గడప మీద కూర్చుని, వాన చూస్తూ మొత్తం తాగాను. సార్ అక్కడే నిలబడి ఎదురుచూశారు.